ఏబీఎస్ లైటు వెలిగిందా? చక్రాల సెన్సర్ల పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

డాష్‌బోర్డులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లైటు వెలగగానే, చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ పోయిందని అనుకుని చాలామంది కొత్తది కొనేస్తున్నారు. అది బిగించాక కూడా లైటు ఆరకపోతే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. విజయవాడ ఆటోనగర్ పరిసరాల్లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే మాకు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాం. ఇందులో గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. బండిలోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ చక్రం పేరు చెబుతుంది గానీ చెడిపోయిన పార్టు పేరు చెప్పదు. డబ్బు ఖర్చు పెట్టేముందు పరీక్షించండి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## లైటు వెలిగినప్పుడు

ఏబీఎస్ లైటు వెలుగుతోంది. బండి నడపొచ్చా, ఆపేయాలా?

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు మాత్రం ఉండదు. తడి రోడ్డు మీదో కంకర మీదో ఒక్కసారిగా బ్రేకు వేస్తే బండి జారుతుంది, స్టీరింగ్ తిప్పినా మాట వినదు. నిదానంగా, ముందు బండికి దూరం పాటిస్తూ షెడ్డు దాకా వెళ్లొచ్చు.

ఏబీఎస్ లైటుతో పాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే బండిని పక్కకు తీసి ఆపండి. ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో, బ్రేకు ఆయిల్ గుర్తు కంటే తగ్గిందేమో చూడండి. అవి రెండూ సరిగ్గా ఉన్నా ఎర్ర లైటు ఆరకపోతే, ముందు వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు వెనుక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. టోయింగ్ బండి పిలిపించండి.

లైటు వెలిగిందంటే సెన్సర్ పోయినట్టేనా?

కాదు. చక్రం దగ్గర సెన్సర్ ఉంటుంది, దాని ఎదురుగా చక్రంతో పాటు తిరిగే రింగు ఉంటుంది, అక్కడి నుంచి వైరు ఏబీఎస్‌ను నడిపే కంప్యూటరు డబ్బాకు, అంటే ఏబీఎస్ మాడ్యూల్‌కు వెళుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా లైటు ఒకేలా వెలుగుతుంది. తెగిన వైరు, చిలుము పట్టిన సాకెట్, పగిలిన రింగు, ఊగే బేరింగు, కాలిన ఫ్యూజు, నీరసించిన బ్యాటరీ, ఒక చక్రానికి వేరే సైజు టైరు, ఇవన్నీ కారణాలే. మా దగ్గరికి వచ్చే బండ్లలో సెన్సర్ కంటే వైరు, సాకెట్ల తప్పే ఎక్కువగా కనిపిస్తుంది.

స్పీడోమీటర్ కూడా ఆగిపోయింది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఉంటుంది. ఇప్పటి చాలా కార్లలో వేగాన్ని కొలిచే వేరే సెన్సర్ ఉండదు. చక్రాల సెన్సర్ల లెక్కనే ఏబీఎస్ మాడ్యూల్ మీటర్‌కు పంపుతుంది. బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ, చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్, ఎత్తులో బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ కూడా ఆ లెక్క మీదే ఆధారపడతాయి. అందుకే ఒక్క చక్రం సిగ్నల్ పోతే మూడు నాలుగు లైట్లు ఒకేసారి వెలుగుతాయి. లైట్లు ఎన్ని వెలిగాయో చూసి భయపడొద్దు, మూలం ఒకటే కావచ్చు.

లైటు లేదు. కానీ బండి ఆగబోయే ముందు పెడల్ గడగడమంటోంది. ఎందుకు?

పొడి రోడ్డు మీద, మెల్లగా ఆపుతున్నప్పుడు, గంటకు 10 కిలోమీటర్ల లోపు వేగంలో ఇలా జరిగితే ఏబీఎస్ అవసరం లేకుండా పనిచేస్తోందని అర్థం. వేగం తగ్గేకొద్దీ సిగ్నల్ బలహీనమై, ఒక చక్రం మిగతావాటి కంటే ముందే ఆగిపోయినట్టు మాడ్యూల్‌కు కనిపిస్తుంది. చక్రం లాక్ అవుతోందనుకుని అది బ్రేకు వదులుతుంది. దాంతో బండి అనుకున్న చోట ఆగకుండా కొంచెం ముందుకు పోతుంది. సిగ్నల్ పూర్తిగా పోలేదు కాబట్టి లైటు వెలగదు, మాడ్యూల్ లోపాన్ని నమోదు చేసుకునే కోడ్ కూడా పడకపోవచ్చు.

ముందుగా చూడాల్సింది రింగులో పగులు, సెన్సర్ కొనకు పట్టిన ఇనుప పొడి, సెన్సర్ కూర్చునే చోట తుప్పు. తుప్పు ఉబ్బి సెన్సర్‌ను పైకి నెట్టేస్తే రింగుకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది. ట్రాఫిక్‌లో ముందు బండికి తగిలించే లోపం ఇది, లైటు లేదు కదా అని వదిలేయకండి.

వానాకాలంలో మాత్రమే వెలుగుతుంది, ఎండ కాస్తే ఆరిపోతుంది. ఏం చేయాలి?

నీళ్లు వైరులోకో సాకెట్‌లోకో దిగుతున్నాయి. ఎండగా ఉన్నప్పుడు పరీక్షిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక స్ప్రే సీసాలో నీళ్లు తీసుకుని, ఒక్కో చక్రం దగ్గర సాకెట్ మీద, వైరు వంగే చోట చల్లుతూ స్కానర్ చూడండి. ఏ చక్రం దగ్గర తడిపినప్పుడు సిగ్నల్ తడబడిందో అక్కడే వెతకాలి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లలో ఇది బాగా చూశాం. ఇంజను, సీట్లు బాగు చేయించుకున్నవాళ్లు చక్రాల దగ్గర సాకెట్లు విప్పించలేదు. నెలల తర్వాత లైటు వెలిగితే సాకెట్ విప్పి చూశాం. పిన్నుల మధ్య ఆకుపచ్చ పొడి పేరుకుపోయింది. గోటితో గీకితే ఒక పిన్ను విరిగి చేతిలోకొచ్చింది. అప్పుడు సెన్సర్ మారిస్తే సరిపోదు, బండి వైపు సాకెట్ కూడా మార్చాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వైపు బండ్లకు వరద లేకపోయినా ఈ చిలుము వస్తుంది.

## పరీక్ష మొదలుపెట్టే ముందు

మల్టీమీటర్ (వోల్టులు, ఓంలు కొలిచే పరికరం) పెట్టకముందే కంటితో ఏమేం చూడాలి?

ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజి, బ్రేకు ఆయిల్ మట్టం, నాలుగు టైర్ల సైజు, గాలి. ఇవి చూడటానికి చక్రం విప్పనక్కర్లేదు.

తర్వాత స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి ముందు చక్రం వెనక్కి చూడండి. సెన్సర్ వైరు నకిల్ (చక్రపు హబ్బును పట్టి ఉంచే లోహపు భాగం) నుంచి స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు భాగం) మీదుగా బాడీలోకి వెళుతుంది. మధ్యలో రెండు మూడు చోట్ల రబ్బరు గ్రోమెట్‌తో (వైరును పట్టి ఉంచే రబ్బరు బిళ్లతో) బ్రాకెట్‌లో కూర్చుని ఉండాలి. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు మార్చినప్పుడు ఈ గ్రోమెట్‌ను తీసి, తిరిగి పెట్టడం మరిచిపోతుంటారు. అప్పుడు వైరు వదులుగా వేలాడుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ టైరు లోపలి అంచు దాన్ని రాసుకుంటుంది. ఇన్సులేషన్ మీద నల్లగా, నున్నగా మెరిసే గీత కనిపిస్తే అదే గుర్తు. కొన్నాళ్లకు లోపలి రాగి బయటపడుతుంది.

వెనుక చక్రాల వైరు మీద ఎలుకల పళ్ల గాట్లు వెతకండి. రోజుల తరబడి ఒకేచోట నిలిపి ఉంచే బండ్లలో ఇది మామూలే.

మా కారులో ఏ రకం సెన్సర్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

రెండు రకాలున్నాయి. పాసివ్ రకం అంటే అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. పళ్ల రింగు ఎదురుగా తిరిగితే అదే స్వయంగా ఏసీ కరెంటు పుట్టిస్తుంది. యాక్టివ్ రకంలో చిన్న చిప్పు ఉంటుంది, అది పనిచేయడానికి మాడ్యూల్ కరెంటు పంపాలి. ఇటీవలి కార్లలో దాదాపు అన్నీ యాక్టివ్ రకమే. మన దేశంలో కొత్త మోడల్ కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత కొన్న బండి అయితే యాక్టివ్ అనుకునే మొదలుపెట్టండి.

రెండింటికీ రెండే వైర్లుంటాయి కాబట్టి వైర్లు లెక్కపెడితే తెలియదు. సెన్సర్ సాకెట్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బండి వైపు సాకెట్‌లోని రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టేజి చూడండి. బ్యాటరీకి దగ్గరగా వస్తే యాక్టివ్. ఒకటి రెండు వోల్టులే వస్తే పాసివ్ అయ్యే అవకాశం ఎక్కువ. కచ్చితంగా తేల్చేది మాత్రం ఆ మోడల్ సర్వీసు మాన్యువలే.

ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బ్లూటూత్ స్కానర్ సరిపోతుందా?

ఇంజను కోడ్‌లు చదవడానికి సరిపోతుంది. ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడాలంటే మీ కంపెనీ బండికి ఆ సౌకర్యం ఉన్న యాప్ కావాలి, లేదంటే ఏబీఎస్ చదవగల స్కానర్ కావాలి. కొనేముందు రెండు విషయాలు అడగండి: ఏబీఎస్ కోడ్‌లు చదువుతుందా, నాలుగు చక్రాల వేగాన్ని లైవ్‌లో చూపిస్తుందా. రెండోది లేకపోతే సగం పనే అవుతుంది. "కోడ్‌లు ఏమీ లేవు" అని చిన్న స్కానర్ చూపిస్తే, అది ఏబీఎస్ దాకా వెళ్లనే లేదని అర్థం కావచ్చు.

చక్రం పైకి లేపి పరీక్షించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

చదునైన నేల, మిగతా చక్రాలకు ముందూ వెనకా అడ్డు, జాకీతో పాటు స్టాండు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టొద్దు. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజను ఆన్ చేసి గేరులో వేసి తిప్పడం చాలా ప్రమాదం, పైగా చక్రాల వేగాల్లో తేడా చూసి మాడ్యూల్ కొత్త కోడ్‌లు వేస్తుంది.

## స్కానర్‌తో పరీక్ష

సి 0035 కోడ్ వచ్చింది. ఎడమ ముందు సెన్సర్ ఆర్డర్ పెట్టేయమంటారా?

ఆగండి. సాధారణ కోడ్‌లలో సి 0035 ఎడమ ముందు చక్రం, సి 0040 కుడి ముందు, సి 0045 ఎడమ వెనుక, సి 0050 కుడి వెనుక. కంపెనీలు తమ సొంత కోడ్‌లు కూడా వాడతాయి. ఏదైనా సరే, అది చెప్పేది ఆ చక్రం సర్క్యూట్‌లో తేడా ఉందని. ఆ సర్క్యూట్‌లో సెన్సర్, వైరు, సాకెట్ అన్నీ ఉన్నాయి.

కోడ్ వివరణలో వాడిన మాటను గమనించండి. సర్క్యూట్ ఓపెన్ లేదా షార్ట్ అని ఉంటే కరెంటు దారి దెబ్బతింది, అంటే వైరు, సాకెట్, సెన్సర్ లోపలి భాగం చూడాలి. సిగ్నల్ సరిగా లేదు, అప్పుడప్పుడు పోతోంది అని ఉంటే కరెంటు దారి బాగానే ఉండొచ్చు, ముందు రింగు, బేరింగు, సందు చూడాలి. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. కోడ్‌ను ఫొటో తీసి పెట్టుకున్నాకే చెరపండి.

లైవ్ డేటాలో ఏం చూడాలి?

నాలుగు చక్రాల వేగాన్ని పక్కపక్కన పెట్టుకోండి. ఖాళీ రోడ్డు మీద, తిన్నగా, 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో నడపండి. మరొకరు డ్రైవ్ చేస్తుంటే మీరు స్కానర్ చూడాలి, ఒక్కరే రెండు పనులూ చేయొద్దు. నాలుగు అంకెలూ ఒకటి రెండు కిలోమీటర్ల తేడాలో ఉండాలి.

మూడు చక్రాలు 25 చూపిస్తుంటే ఒకటి సున్నా దగ్గర కదలకుండా ఉంటే ఆ చక్రం సిగ్నల్ పూర్తిగా లేదు. గతుకులు వచ్చినప్పుడో స్టీరింగ్ తిప్పినప్పుడో మాత్రమే సున్నాకు పడిపోతే వైరు లోపల తెగి, ఊగినప్పుడు విడిపోతోంది. చక్రం తిరిగే కొద్దీ ఒకే లయలో కిందికి దిగి లేస్తుంటే రింగులో ఒక చోట దెబ్బ ఉంది. అంకెల్లో కంటే గ్రాఫ్‌లో ఇది బాగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఒకే మోతాదులో ఎక్కువో తక్కువో చూపిస్తే టైరు సైజు, గాలి చూడండి.

మలుపులో బయటి చక్రాలు వేగంగా తిరగడం సహజం, దాన్ని లోపంగా లెక్కపెట్టొద్దు. పాసివ్ సెన్సర్లు చాలా తక్కువ వేగంలో సున్నా చూపించడం కూడా మామూలే.

నాలుగు చక్రాల కోడ్‌లూ ఒకేసారి వచ్చాయి. నాలుగు సెన్సర్లూ పోతాయా?

వరదలో మునిగిన బండి కాకపోతే అది దాదాపు జరగని పని. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది మాడ్యూల్, దాని ఫ్యూజులు, ఎర్త్ వైరు, మాడ్యూల్ సాకెట్. అక్కడే చూడండి. బ్యాటరీ దిగిపోయి జంపర్ వైర్లతో స్టార్ట్ చేసిన తర్వాత ఇలా వస్తే, బ్యాటరీ సరిచేసి కోడ్‌లు చెరిపి మళ్లీ వస్తాయేమో చూడండి.

## మల్టీమీటర్‌తో పరీక్ష

పాసివ్ సెన్సర్‌ను ఓం మీటర్‌తో ఎలా చూడాలి?

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, సాకెట్ విప్పి, సెన్సర్ వైపు రెండు పిన్నులకు మీటర్ పెట్టండి. చాలా బండ్లలో 800 నుంచి 2,000 ఓంల మధ్య వస్తుంది. మాన్యువల్‌లో అంకె దొరకకపోతే అదే ఇరుసు మీద రెండో చక్రం సెన్సర్‌తో పోల్చండి, రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. మీటర్ అసలు కదలకపోతే తీగ చుట్ట తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే లోపల షార్ట్ అయింది.

తర్వాత ఒక్కో పిన్నుకూ బాడీ ఎర్త్‌కూ మధ్య చూడండి. ఇక్కడ మీటర్ ఏమీ చూపించకూడదు. ఏదైనా అంకె వచ్చిందంటే వైరు ఎక్కడో రాసుకుని బాడీకి తగులుతోంది.

ఓంలు సరిగ్గా ఉన్నాయి. ఇక పాసివ్ సెన్సర్ మంచిదేనా?

ఇంకో పరీక్ష ఉంది. మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి, అవే రెండు పిన్నులకు పెట్టి, చక్రాన్ని సెకనుకు ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పండి. వోల్టులో పదో వంతు నుంచి అర వోల్టు దాకా రావాలి, చక్రం వేగం పెంచితే అంకె పెరగాలి. ఎడమ కుడి చక్రాలను ఒకే వేగంతో తిప్పి పోల్చండి. ఒకటి సగానికి పడిపోతే రింగుకూ సెన్సర్‌కూ మధ్య సందు పెరిగింది, లేదా కొనకు ఇనుప పొడి పట్టింది. సెన్సర్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. ఇనుప పొడి బ్రేకు డిస్కు, ప్యాడ్ల అరుగుదల నుంచి వస్తుంది, అయస్కాంతం ఉంది కాబట్టి కొనకు అతుక్కుపోతుంది.

యాక్టివ్ సెన్సర్‌కు కూడా ఓంలు చూడొచ్చా?

చూడొద్దు. అందులో ఉన్నది చిప్పు. ఓం మీటర్ పంపే కరెంటుకు అది దెబ్బతినవచ్చు, దెబ్బతినకపోయినా వచ్చే అంకెకు అర్థం లేదు. మంచి సెన్సర్‌కు ఓంలు రాలేదని పారేసి కొత్తది కొన్నవాళ్లున్నారు. అలా ఓం మీటర్ పెట్టి తీర్పు చెప్పే మెకానిక్ ఎదురైతే మర్యాదగానే వద్దనండి.

మరి యాక్టివ్ సెన్సర్‌ను ఎలా పరీక్షించాలి?

మొదట దానికి కరెంటు అందుతోందా చూడాలి. సాకెట్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బండి వైపు రెండు పిన్నుల మధ్య డీసీ వోల్టేజి కొలవండి. చాలా కార్లలో బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా వస్తుంది, కొన్నిటిలో అంతకంటే తక్కువ. మిగతా మూడు చక్రాల దగ్గర ఎంత వస్తోందో ఇక్కడా అంతే రావాలి. అసలు రాకపోతే సెన్సర్ తప్పు కాదు, వైరూ మాడ్యూలూ చూడాలి. కొన్ని మాడ్యూళ్లు సెన్సర్ కనిపించని సర్క్యూట్‌కు కాసేపటికి సరఫరా ఆపేస్తాయి. అందుకని ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆన్ చేసిన వెంటనే కొలవండి.

కరెంటు ఉంటే, సాకెట్ తిరిగి బిగించి, సిగ్నల్ వైరు వెనుక భాగం నుంచి సన్నటి పిన్ను ఆనించి, ఎర్త్‌తో డీసీ వోల్టేజి చూడండి. చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పాలి, వేలెడంత వేలెడంత జరపాలి. యాక్టివ్ సెన్సర్ సుమారు 7 మిల్లీ యాంపియర్లు, 14 మిల్లీ యాంపియర్లు అనే రెండు మెట్ల మధ్య మారుతుంది. మీటర్‌లో అది రెండు వోల్టేజీలుగా కనిపిస్తుంది, చాలా బండ్లలో సుమారు 0.8, 1.6 వోల్టులు. కచ్చితమైన అంకె కంటే ఆ మెట్టు మారడమే ముఖ్యం. చక్రం తిప్పినా ఒకే అంకె మీద నిలిచిపోతే సెన్సర్‌ను లేదా రింగును అనుమానించాలి. చక్రం వేగంగా తిప్పితే మల్టీమీటర్ సగటు చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది. సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ ఉంటే చతురస్రాకారపు అలలు నేరుగా చూడొచ్చు.

సిగ్నల్ కోసం వైరు ఇన్సులేషన్‌ను సూదితో పొడవొద్దు. ఆ చిల్లు లోంచి నీళ్లు దిగి వచ్చే వానాకాలానికి వైరు లోపల చిలుము పడుతుంది.

వైరు పైకి బాగానే ఉంది. లోపల తెగిందని ఎలా తెలుస్తుంది?

సెన్సర్ వైరు చక్రంతో పాటు రోజంతా వంగుతూ ఉంటుంది. పై పొర చెక్కుచెదరకుండా లోపలి రాగి పోగులు తెగిపోవడం మామూలు. వైరును రెండు చేతుల్లో పట్టుకుని, కొంచెం కొంచెం జరుపుతూ మెల్లగా లాగండి. తెగిన చోట ఇన్సులేషన్ మెత్తగా సాగుతుంది, మంచి చోట సాగదు. స్కానర్‌లో లైవ్ సిగ్నల్ చూస్తూ వైరు ఊపడం ఇంకో పద్ధతి.

మాడ్యూల్ దాకా ఉన్న బాడీ వైరింగ్ చూడాలంటే బ్యాటరీ మైనస్ తీసి, రెండు చివర్ల సాకెట్లు విప్పి, ఆ చివరి నుంచి ఈ చివరికి కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా) చూడండి. రెండు వైర్లు ఒకదానికొకటి తగలడం లేదని కూడా చూడాలి.

ఎడమ సెన్సర్ కుడికి, కుడిది ఎడమకు మార్చి చూస్తే తెలిసిపోదా?

తెలుస్తుంది, ఆ బండిలో రెండూ ఒకే పార్టు నంబరు అయితే. కోడ్ సెన్సర్‌తో పాటు రెండో పక్కకు వెళితే సెన్సర్ పోయింది, ఉన్న చోటే ఉంటే వైరో రింగో. కానీ చాలా కార్లలో వైరు పొడవు, బ్రాకెట్లు రెండు పక్కలా వేరు. పాత సెన్సర్ తీసేటప్పుడు విరిగిపోయే ప్రమాదమూ ఉంది. మీటర్‌తో తేలనప్పుడే ఈ పని పెట్టుకోండి.

## రింగు, బేరింగు, టైరు

వీల్ బేరింగు మార్పించాక లైటు వెలిగింది. బేరింగు పనికిరానిదా?

తిరగేసి బిగించి ఉండొచ్చు. ఇప్పటి చాలా బేరింగుల్లో పళ్ల రింగు విడిగా ఉండదు. బేరింగు సీలులోనే ఉత్తర దక్షిణ ధ్రువాలు వరసగా ఉన్న అయస్కాంత పట్టీ ఉంటుంది, అది ఒక పక్కనే. ఆ పక్క సెన్సర్ వైపు రావాలి. ప్రెస్సు కింద పెట్టేటప్పుడు చూసుకోకపోతే రెండో పక్కకు పోతుంది. బేరింగు చక్కగా తిరుగుతుంది, శబ్దం రాదు, సెన్సర్‌కు మాత్రం ఏమీ కనిపించదు.

బిగించేముందు తెలుసుకోవడం తేలిక. చిన్న పేపర్ క్లిప్పును రెండు సీళ్ల దగ్గరకూ తీసుకెళ్లండి, అది మెల్లగా అతుక్కునే పక్క అయస్కాంతపు పక్క. అయస్కాంతాన్ని చూపించే ఆకుపచ్చ రంగు ఫిల్ము కార్డులు కూడా దొరుకుతాయి. వాటిని ఆనిస్తే ధ్రువాల గీతలు కనిపిస్తాయి, దెబ్బతిన్న చోట గీతలు చెదిరిపోతాయి. ఆ పక్కను సుత్తితో కొట్టొద్దు, దగ్గరకు వేరే అయస్కాంతం తీసుకురావొద్దు.

తప్పు తేలితే బేరింగు మళ్లీ కొత్తది వేయాల్సిందే. నొక్కి బిగించినదాన్ని బయటికి తోస్తే లోపలి గుండ్ల దారి దెబ్బతింటుంది.

పళ్ల రింగు పగిలిందని ఎలా గుర్తించాలి?

డ్రైవ్ షాఫ్టు చివర కప్పు మీదో హబ్బు మీదో నొక్కి కూర్చోబెట్టిన రింగు ఇది. కింద తుప్పు పట్టి ఉబ్బితే రింగు సాగి ఒకచోట విచ్చుకుంటుంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, బ్రష్షుతో మట్టి దులుపుతూ, ఒక్కో పల్లు చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా రెండు పళ్ల మధ్య దూరం మారిపోతుంది.

స్టెప్నీ వేసుకున్నాక లైటు వెలిగింది. సెన్సర్‌కేమైనా అయిందా?

అల్లాయ్ చక్రాలున్న చాలా కార్లకు కంపెనీయే చిన్న సైజు స్టెప్నీ ఇస్తోంది. చిన్న చక్రం వేగంగా తిరుగుతుంది కాబట్టి మాడ్యూల్‌కు తేడా కనిపిస్తుంది. పంక్చర్ వేయించి అసలు చక్రం బిగించి కొంత దూరం నడపండి. ఆరిపోతే ఏమీ మార్చనక్కర్లేదు.

## మార్చేటప్పుడు, మార్చాక

సెన్సర్ నకిల్‌లో ఇరుక్కుపోయింది. ఎలా తీయాలి?

వైరు పట్టి లాగొద్దు. బోల్టు తీసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, అరగంట ఆగండి. సెన్సర్ తలను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ బయటికి తీయండి. విరిగిపోతే మిగిలిన ముక్కను లోపలికి తోసేయకండి, రింగు మీద పడుతుంది.

కొత్తది పెట్టేముందు రంధ్రాన్ని, అది ఆనే ముఖాన్ని ఇసుక కాగితంతో శుభ్రంగా రుద్దండి. తుప్పు పొర మీదే బిగిస్తే సెన్సర్ పూర్తిగా దిగదు, కొత్త సెన్సర్ కూడా పాతదానిలాగే తప్పు చూపిస్తుంది. తుప్పు దుమ్ము లోపల రింగు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి.

తెగిన వైరు అతికిస్తే సరిపోతుందా, సెన్సర్ మొత్తం మార్చాలా?

చక్రం దగ్గర వంగే భాగంలో తెగితే సెన్సర్ మొత్తం మార్చడమే మంచిది. అతుకు ఉన్న చోట వైరు బిరుసెక్కి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. కదలని బాడీ భాగంలో ఎలుక కొరికితే అతికించొచ్చు. నీళ్లు దిగకుండా జిగురున్న ష్రింక్ ట్యూబు వేయండి. రెండు వైర్లు ఒకదాని చుట్టూ ఒకటి మెలికలు తిరిగి ఉంటే ఆ మెలికలు అలాగే ఉంచండి, పక్క వైర్ల నుంచి వచ్చే గోల సిగ్నల్‌లో కలవకుండా అవి కాపాడతాయి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టే పని బ్రేకు వైరుకు పనికిరాదు.

కొత్త సెన్సర్ వేశాం, కోడ్ చెరిపాం, లైటు ఆరలేదు. ఎందుకు?

ముందు బండి నడిపారా? చాలా బండ్లలో మాడ్యూల్ నాలుగు చక్రాల సిగ్నల్ స్వయంగా చూసుకున్నాకే లైటు ఆర్పుతుంది. 20 కిలోమీటర్లు దాటిన వేగంతో కాసేపు నడిపి చూడండి. అప్పటికీ ఆరకపోతే కోడ్ మళ్లీ చదవండి. అదే కోడ్ ఉంటే వైరు, రింగు చూడాలి. వేరే కోడ్ వస్తే మొదటి నుంచీ రెండు లోపాలు ఉన్నట్టు. పాసివ్ సెన్సర్ ఉండాల్సిన చోట యాక్టివ్ పెట్టినా, యాక్టివ్ చోట పాసివ్ పెట్టినా పనిచేయదు. పార్టు నంబరు సరిపోల్చుకోండి.

అంతా సరిగ్గా పనిచేస్తోందని చివరగా ఎలా నిర్ధారించుకోవాలి?

మనుషులు, బండ్లు లేని ఖాళీ చోట, మట్టి లేదా సన్నకంకర నేల మీద, 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ పాదం కింద టకటకా కొట్టుకోవాలి, బండి తిన్నగా ఆగాలి, లైటు వెలగకూడదు. ఆ కొట్టుకోవడం భయపడాల్సింది కాదు, కాలు తీయొద్దు. తర్వాత స్కానర్ పెట్టి కోడ్‌లు లేవని చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. ఏబీఎస్ విషయంలో ఏం చూడాలి?

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే జాగ్రత్త పడండి, లోపం కనిపించకుండా లైటు తీసేసి ఉండొచ్చు. వేరే హెచ్చరిక లైటుతో కలిపి వైరు వేసే మోసం కూడా ఉంది. అప్పుడు రెండు లైట్లూ కచ్చితంగా ఒకే క్షణంలో వెలిగి ఒకే క్షణంలో ఆరుతాయి. అనుమానం వస్తే స్కానర్‌తో ఏబీఎస్ మాడ్యూల్ జవాబిస్తోందా, నాలుగు చక్రాల వేగం వస్తోందా చూపించమని అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

బైక్ ఏబీఎస్ సెన్సర్‌కూ ఇవే పరీక్షలా?

చాలావరకు ఇవే. బైక్‌లో బ్రేకు డిస్కు పక్కన చిల్లులున్న సన్నటి రింగు బయటికే కనిపిస్తుంది, కాబట్టి చూడటం తేలిక. చక్రం విప్పి బిగించినప్పుడు ఆ రింగు వంగిందేమో, సెన్సర్‌కు రాసుకుంటోందేమో, మధ్యలో బురద గడ్డకట్టిందేమో చూడండి. సెన్సర్ దాదాపు ఎప్పుడూ యాక్టివ్ రకమే, ఓం మీటర్ పెట్టొద్దు. సెంటర్ స్టాండు వేసి ఒక్క వెనుక చక్రాన్నే ఇంజనుతో తిప్పితే ఏబీఎస్ లైటు వెలగడం మామూలే. ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆన్ చేసి, కొంచెం దూరం నడిపితే ఆరిపోతుంది.